రిక్క అనే అరవై నలుగురు

మా ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి కాగితం రాసింది ఆవిడే. ఇరవై రెండేళ్లుగా. ఈలోగా డాక్టర్లు మారారు, సూపరింటెండెంట్లు మారారు, గోడల రంగు మూడుసార్లు మారింది. మూడుసార్లూ అంతకుముందు రంగే నయమనిపించింది. పురుళ్ల వార్డు కింద, మెట్ల పక్కనున్న రెండో నంబరు కిటికీ వెనక ఆవిడ మాత్రం మారలేదు. అందరూ పేర్లక్క అనేవారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది కానీ దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు.

నేను ఆ కిటికీ వెనక గదిలో రికార్డులు చూసే గుమాస్తాను. పాత దస్తరాల దుమ్ము పీల్చీ పీల్చీ నా గొంతు ఇలా బొంగురుపోయింది. కోపం మాత్రం దుమ్ము వల్ల వచ్చింది కాదని, పుట్టుకతోనే ఉందని మా ఇంటావిడ అంటుంది. మనుషుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, కాగితాల మీదే ఉంది. ఆవిడ దగ్గర ఎందుకు కుదిరిందో చెప్పలేను గానీ కుదిరింది. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది.

పేర్లక్క అన్న మారుపేరు ఎలా వచ్చిందో తెలియాలంటే మా ఫారం సంగతి తెలియాలి. బిడ్డ పేరు గడి ఖాళీగా వదిలేసి ఇంటికి వెళ్లిపోతే, తర్వాత ఆ పేరు చేర్పించుకోవడానికి పెద్ద ఆఫీసుకు పోయి, ప్రమాణపత్రం రాసి, ఇద్దరు సాక్షుల్ని వెంటేసుకుని మూడు వరసల్లో నిలబడాలి. ఈ ముక్క జనానికి ఇంటికెళ్లే రోజున మా కిటికీ దగ్గరే తెలుస్తుంది. బయట బండి ఆగి ఉంటుంది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటుంది. నాయనమ్మ ఒక పేరూ అమ్మమ్మ ఒక పేరూ పట్టుకుని రెండు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉంటారు. ఆ బిడ్డ తండ్రి తల గోక్కుంటూ కిటికీలోకి వంగి, "మీరే ఏదో ఒకటి చెప్పండక్కా, పుణ్యముంటుంది" అనేవాడు. మగపిల్లాడైతే ఆవిడ పది పేర్లు గడగడా చెప్పి ఏరుకోమనేది. ఆడపిల్లయితే ఒక్కటే చెప్పేది.

"రిక్క అని రాయనా?"

"రిక్కా? అదేం పేరండీ, ఎప్పుడూ వినలేదు."

"నక్షత్రం అని. పాత మాట. ఊళ్లో ఇంకెవరికీ ఉండదు."

ఊళ్లో ఇంకెవరికీ ఉండదన్న మాటకి పడిపోని తండ్రిని నేను ఇంతవరకూ చూడలేదు. మూడో ఏడు వచ్చేసరికి అది పచ్చి అబద్ధమైంది. ఏడాది చివర మేము నోటీసు బోర్డు మీద అంటించే పది పేర్ల జాబితాలో రిక్క నాలుగో స్థానానికి ఎక్కింది. బోర్డు చూసి పెట్టుకున్నవాళ్లు కొందరు, పక్కింటి పిల్లను చూసి పెట్టుకున్నవాళ్లు కొందరు. కొన్నాళ్లకు మా మేనకోడలు చదివే బడిలో ఒకే తరగతిలో నలుగురు రిక్కలు పోగయ్యారు. పంతులమ్మ వేరే దారిలేక పొడుగు రిక్క, బొద్దు రిక్క, కళ్లజోడు రిక్క, ఏడుపు రిక్క అని విడదీసి పిలిచేదట. నేనిది చెబితే ఆవిడ పకపకా నవ్వింది, నవ్వాపి, "ఆ ఏడుపు పిల్ల ఎందుకేడుస్తుందో కనుక్కోవూ" అంది. నాకు ఒళ్లు మండింది. బళ్లో పిల్లలు ఎందుకేడుస్తారో కనుక్కోవడం నా ఉద్యోగమా?

పోయిన ఏడాది ఆవిడ రాసిన ఫారాల్లో కుడివైపు చివర గడులు ఖాళీగా రావడం మొదలైంది. తండ్రి వృత్తి గడి, ఇంటి నంబరు గడి. అరిచాను. మళ్లీ వచ్చాయి, మళ్లీ అరిచాను. తర్వాత ఒకరోజు ఆవిడ నా గదిలోకి వస్తూ తలుపు చెక్కకు భుజం కొట్టుకుని, చెక్క వైపు చూసి, "ఇది ఇక్కడెప్పుడు పెట్టారు" అంది. ఆ తలుపు ఆసుపత్రి కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. కుడివైపు గడులు ఎందుకు ఖాళీగా వస్తున్నాయో అప్పుడు తట్టింది. చెయ్యి పట్టుకుని వసారా చివరనున్న కంటి విభాగానికి తీసుకుపోయాను.

కంటి డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. యంత్రం ముందు కూర్చోబెట్టి అరగంట చూసింది.

"నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి పక్క చూపు పోతుంది. మీకు కుడి కన్ను చాలావరకు పోయింది. ఎడమది ఎంతకాలం నిలబడుతుందో చెప్పలేను. ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా నాన్నకి నలభై ఐదుకే చూపు పోయింది. అచ్చుకూటంలో తప్పులు దిద్దేవాడు. సన్న అక్షరాలు చూసీ చూసీ పోయిందనుకున్నాం."

"అక్షరాల వల్ల కాదు. ఇది రక్తంలో వచ్చే రకం, ఇరవైల్లోనే మొదలవుతుంది. నొప్పి ఉండదు, మసక ఉండదు, మనిషికి తెలియనే తెలియదు. తెలిసేసరికి సగం పోయి ఉంటుంది. మొదట్లోనే పట్టుకుంటే మందుతో ఆగిపోతుంది. మీకు పిల్లలున్నారా?"

ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఒంటరిగానే ఉంటోందని నాకు తెలుసు. అందుకే లేరని నేనే చెప్పబోయాను.

"ఒకతి ఉంది," అంది ఆవిడ. "ఇప్పుడు ఇరవై రెండు."

"అయితే రేపే తీసుకురండి," అంది డాక్టరమ్మ.

ఆ వసారాలో బల్ల మీద కూర్చుని ఆవిడ చెప్పింది. పందొమ్మిదేళ్లప్పుడు అచ్చుకూటంలోనే పుస్తకాలు కుట్టే పనిలో ఉండేది. అక్కడ యంత్రం నడిపేవాడొకడు పెళ్లి చేసుకుంటానన్నాడు, నెల తప్పిందని తెలిశాక పనిలోకి రావడం మానేశాడు. తండ్రి అప్పటికే పోయాడు. అన్న ఆమెను దూరపు ఊళ్లో పిన్ని ఇంటికి తోలేసి, పిల్లతో అయితే గడప తొక్కొద్దన్నాడు. పదకొండు రోజులు బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. పన్నెండో రోజు పిల్లల్ని తీసుకునే ఒక ఆశ్రమంలో ఇచ్చింది. అక్కడి పెద్దావిడ పుస్తకం తెరిచి పేరేమిటని అడిగింది.

"చిన్నప్పుడు మా నాన్న చెప్పేవాడు తమ్ముడూ. చుక్క అంటే సిరా చుక్కా చుక్కే, నీటి చుక్కా చుక్కే, నేల మీద పడేవన్నీ చుక్కలే. రిక్క అంటే మాత్రం ఆకాశంలో ఉండేదొక్కటే అని. అదే రాయించాను. నా ఎదురుగానే రాసింది ఆవిడ. పేరు మార్చకుండానే పెంపకానికి ఇస్తామంది. నేను వెతకనని సంతకం పెట్టాను. అంత అరుదైన పేరు కదా, పెద్దయ్యాక తనకే అనుమానం వస్తుంది, ఈ పేరు నాకెవరు పెట్టారని అడుగుతుంది, వెతుక్కుంటూ వస్తుంది అనుకున్నాను."

"ఇప్పుడు నువ్వే వెతకాలి."

"వెతుకుదాం. దేశం మొత్తం పేర్లు మీ కంప్యూటర్లో ఉంటాయి కదా. ఆ పేరు కొడితే ఒక్కటే..."

అక్కడ ఆగిపోయింది. ఎదురుగా గోడకు కళ్లు పరీక్షించే అక్షరాల పట్టిక వేలాడుతోంది, ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

తర్వాత నాకు కోపం ఆగలేదు. "ఎందుకు పంచిపెట్టావక్కా ఊరందరికీ? బిడ్డను పట్టుకోవడానికి ఉన్న ఒక్క ఆనవాలు కదా అది."

"వినాలనిపించేది," అంది. "మొదటిసారి నోరు జారి చెప్పాను. ఆ తల్లి మెట్ల మీద బిడ్డను ఎత్తుకుని రిక్కా, రిక్కా అంటూ వెళ్లింది. ఎవరో ఆ పేరు పైకి అనగా వినడం నాకదే మొదలు. ఇంటికెళ్లి అన్నం తిన్నాను. అంతకుముందు వారం నుంచీ సరిగ్గా తిన్నది లేదు. తర్వాత మానుకోలేకపోయాను."

దాంతో నా కోపం చల్లారిపోయింది. సిగరెట్టు మానలేనివాళ్లను చూశాను, పేకాట మానలేనివాళ్లను చూశాను. కన్నబిడ్డ పేరు మానలేని మనిషిని ఏమని తిట్టను?

మర్నాడు పని మొదలుపెట్టాం. పెంపకానికి వెళ్లే పిల్లల పుట్టినతేదీ ఆ ఆశ్రమంవాళ్లు పిల్లను ఇచ్చిన రోజును బట్టి ఉజ్జాయింపుగా వేసేవాళ్లట. అందుకని పిల్ల పుట్టిన ఏడూ ఆ తర్వాత రెండేళ్లూ కలిపి చూడక తప్పలేదు. ఆ మూడేళ్లలోనే ఆవిడ ఆ పేరు ఎక్కువగా పంచింది. గాయం పచ్చిగా ఉన్న రోజులవి. కంప్యూటర్లో కొడితే అరవై నాలుగు వచ్చాయి.

ఆశ్రమం మూతబడి పదేళ్లు దాటింది. పెద్దావిడ పోయింది, పుస్తకాలు చెదలు తినేశాయి. ఇక మిగిలింది మా పాత దస్తరాలే. కంప్యూటర్లో లేనిది వాటిలో ఒకటుంటుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు పురుడు పోసిన వరస నంబరు ఎర్ర సిరాతో వేస్తారు. పెంపకానికి వెళ్లిన బిడ్డ కాగితం కొత్త తల్లిదండ్రుల పేరు మీద మళ్లీ పుడుతుంది కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటుంది. అంటే ఎర్ర నంబరున్న ప్రతి రిక్కనూ కొట్టేసుకుంటూ పోతే, చివరికి నంబరు లేని పిల్ల మిగలాలి. ఆ పిల్లే ఈవిడ కూతురు.

భోజనాల వేళ కిటికీ మూసి నా గదిలో కూర్చునేవాళ్లం. నేను దస్తరం తీసి చదవడం, ఆవిడ వినడం. నలభై ఏడు మంది మా ఆసుపత్రిలోనే తేలారు. నలభై ఏడూ ఆవిడ చేతిరాతే. పేజీ తిప్పగానే ఆ గుండ్రటి అక్షరాలు, పక్కన ఎర్ర నంబరు. నేను తండ్రి పేరు చదివితే ఆవిడ మిగతాది చెప్పేది. "ఆ, తాపీమేస్త్రీ. భార్యకి భయపడి వేలిముద్ర వేస్తూ కూడా ఆమె వైపే చూశాడు." "వీళ్లకు ముందు నలుగురూ మగపిల్లలే, ఆడపిల్ల పుట్టిందని ఆ నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు." ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే ఆవిడ మొహంలో సంతోషం కనిపించేది. తగ్గేకొద్దీ దగ్గరవుతున్నామని ఆవిడ లెక్క. నేను మాత్రం ఒక్క ఖాళీ గడైనా తగలదేమని తిప్పిన పేజీనే మళ్లీ తిప్పి చూసేవాణ్ణి.

మిగిలిన పదిహేడు మందీ వేరే ఊళ్ల వాళ్లు. ఆ ఊళ్లలోనూ నాలాంటి గుమాస్తాలే ఉంటారు. వాళ్లను కదిలించడం ఎంత కష్టమో నాకంటే ఎవరికి తెలుసు. ఫోన్లు చేశాను, ఉత్తరాలు రాశాను, ఒకడితో లేని చుట్టరికం కలుపుకుని బావా అని కూడా పిలిచాను. ఐదు నెలలు పట్టింది. ఈలోగా ఆవిడకు కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి మూడు పూటలా మందు వేసుకునేది. ఒక్కొక్క జవాబూ వచ్చేది. వరస నంబరు ఉంది. ఉంది. ఇది కూడా ఉంది. మా ఆసుపత్రిలో బిడ్డను కన్న ఎవరి చెల్లెలో, ఎవరి ఆడపడుచో, ఆ పేరు విని ముచ్చటపడి పెట్టుకున్నవాళ్లే అందరూ. పదిహేడు ఐదైంది, ఐదు రెండైంది, రెండు ఒకటైంది.

ఆ ఒక్కదాని జవాబు రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజులూ ఆవిడ మనిషి మనిషిలా లేదు. పిల్ల కనిపిస్తే ముందు ఏమనాలి అని నన్ను అడిగేది. "నేను నీ తల్లినని చెప్పను తమ్ముడూ. ఆసుపత్రి నుంచి వచ్చాను, కళ్లు చూపించుకో అని మాత్రం చెప్తాను. చాలదూ?" నేను చాలుతుందన్నాను. ఇరవయ్యో రోజు ఉదయం ఫోను మోగింది. నేను బావా అని పిలిచిన గుమాస్తానే.

"దొరికింది బావా. పాపం ఎర్ర సిరా బాగా వెలిసిపోయింది, భూతద్దం పెట్టి చదివాను. నంబరుంది."

ఫోను పెట్టేశాను. అబద్ధం చెబుదామనుకున్నాను. నా జన్మలో కాగితం విషయంలో అబద్ధం చెప్పలేదు, అప్పుడు చెబుదామనే అనుకున్నాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నా వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ నిలబడింది.

"నంబరుందా?"

"ఉందక్కా."

"అయితే ఎక్కడో ఒకటి వదిలేశాం. మళ్లీ మొదట్నుంచి చూడు."

చూశాను. వదిలేసింది ఏదీ లేదు.

ఆశ్రమంలో వంట చేసిన ముసలావిడ బతికే ఉందని మా మందుల కొట్టతను చెబితే, ఆ ఆదివారం ఇద్దరం వెళ్లాం. రెండు గదుల ఇల్లు. ముసలావిడ మంచం మీద కూర్చుని మందుబిళ్లలు డబ్బాలో సర్దుకుంటోంది. మా అక్క నెమ్మదిగా అడిగింది. పిల్ల పేరు రిక్క అని రాయించానని, దాన్ని మార్చబోమని మాటిచ్చారని చెప్పింది.

"అందరికీ అలాగే చెప్పేవాళ్లం తల్లీ," అంది ముసలావిడ. "పేరు మార్చకుండా ఎవరు తీసుకెళ్తారు చెప్పు. పెంచుకునేవాళ్లు వాళ్లకు నచ్చిందే పెట్టుకుంటారు, వాళ్ల బిడ్డ కదా. ఏడ్చే తల్లులకు ఆ మాట చెబితే లేచి వెళ్లేవాళ్లు. లేకపోతే గేటు దగ్గరే కూలబడేవాళ్లు."

"ఆ తర్వాత ఏం పేరు పెట్టారో..."

"ఏడాదికి ముప్పై మంది పిల్లలు. ఎవరని గుర్తుపెట్టుకోను."

తిరిగి వస్తూ బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దాటాక, "అరవై నలుగురికి పెట్టాను తమ్ముడూ. నా పిల్లకు తప్ప" అంది. పక్క సీటులో ఎవరో నిద్రపోతున్నారు, వాళ్లను చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎవరికీ పేరు చెప్పలేదు. అడిగితే, "మీ బిడ్డ, మీకు నచ్చింది పెట్టుకోండి" అనేది. చూపు తగ్గిందని ఇంటికి పంపేస్తారేమోనన్న భయంతో, ఆవిడ అడిగి చెబుతుంటే ఫారాలు నేనే రాసేవాణ్ణి. అప్పుడు గమనించాను, తల్లి వయసు గడి దగ్గర ఆవిడ గొంతు మారడం. ఇరవై నుంచి ఇరవై నాలుగు లోపు వయసు చెబితే చాలు, ఇంకో ప్రశ్న అడిగేది. ఆ ప్రశ్న ఫారంలో లేదు.

"కంటి పరీక్ష ముద్ర ఏదమ్మా?"

"కంటి పరీక్షా? నేను బిడ్డను కనడానికి వచ్చాను."

"తల్లికి కంటి ఒత్తిడి చూపించిన ముద్ర లేకపోతే ఫారం తీసుకోరు. వసారా చివర గది. పావుగంట పని. వెళ్లి రా తల్లీ, నీ కాగితం పక్కన పెట్టి ఉంచుతాను."

అలాంటి నిబంధన ఏ ప్రభుత్వం పెట్టిన పాపాన పోలేదు. నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు తిరగలేదు. ఆవిడ కూతురికిప్పుడు ఇరవై రెండు, పేరు తెలియదు, ఊరు తెలియదు, మొహం తెలియదు. ఆ వయసు ఆడపిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చోటు ఏదైనా ఉంటే అది మా కిటికీయే. దేశంలో ఇలాంటి కిటికీలు వందలున్నాయి. ఆ పిల్ల మా కిటికీకే వస్తుందని ఆశపడటం పిచ్చి. పిచ్చని ఆవిడకూ తెలుసు. ఆ సాయంత్రం నేను ముద్రలు చేసేవాడి దగ్గరికి వెళ్లి కంటి పరీక్ష అని ఒక రబ్బరు ముద్ర చేయించి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వచ్చాను. నిబంధనల గురించి ఇరవై రెండేళ్లు జనాన్ని కసిరినవాణ్ణి నేను.

ఎనిమిది నెలలు గడిచాయి, ఆవిడ ఎడమ కంట్లోనూ వెలుగునీడలే మిగిలాయి. తిట్టినవాళ్లు తిట్టారు, ఒకాయన కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు కూడా. చివరికి సూపరింటెండెంటుకు ఫిర్యాదు వెళ్లింది. సంజాయిషీ అడుగుతూ ఇద్దరికీ చెరో కాగితం వచ్చింది. అది వచ్చిన రోజునే కంటి డాక్టరమ్మ మా గదికి వచ్చింది, చేతిలో మూడు రోగుల కాగితాలు.

"ఆ ముద్ర సంగతి నాకు మొదటి రోజే తెలుసు," అంది. "సూపరింటెండెంటు గారితో నేను మాట్లాడతాను. మీరు పంపినవాళ్లు ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది. ముగ్గురికి ఉంది. ముగ్గురికీ ఇరవై మూడు లోపే. వాళ్లకి తెలియనే తెలియదు."

ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుంది. "చూపు నిలుస్తుందా డాక్టరమ్మా?"

"నిలుస్తుంది. ఇంకా మొదట్లోనే ఉంది. మందు మొదలుపెట్టాను."

"ముగ్గురికీనా?"

"ముగ్గురికీ."

డాక్టరమ్మ కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లింది. అందులో పేర్లున్నాయి, తల్లిదండ్రుల పేర్లున్నాయి, పుట్టిన ఊరుంది. ఇక నాకు చెప్పాల్సిన పని లేదు, బీరువా తాళం చేతిలోకి తీసుకున్నాను. ఎర్ర నంబరున్నదీ లేనిదీ వారం పది రోజుల్లో తేల్చేయగలను.

"చూడకు," అంది ఆవిడ.

"అక్కా, ముగ్గురే. ఇట్టే తెలిసిపోతుంది."

"అరవై నలుగురిని చూశాం కదా తమ్ముడూ. ఈ ముగ్గుర్నీ నాకు వదిలెయ్యి."

కాగితాలు తడిమి దగ్గరికి తీసుకుంది. ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి సర్ది, మడత పెట్టి నా చేతికిచ్చింది. నేను తాళం మళ్లీ గోడకు తగిలించాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు కనబడదు కాబట్టి దాచుకోలేదు. బయట కిటికీ దగ్గర ఎవరో బల్ల మీద తడుతున్నారు. వరసలో ఎంతమంది ఉన్నారని అడిగింది. పదకొండు మంది అని చెప్పాను.

"మొదటి అమ్మాయిని రమ్మను. వయసెంతో అడుగు."